రోగికి అన్నం పెట్టమన్న ధర్మశాస్త్రం

యూదుల ఆహార నియమాలు – మన ఆరోగ్యం



వార్డులలో ప్రార్థన ముగిసిన తరువాత రోగులు, వారి బంధువులు మమ్మును తరచుగా రెండు ప్రశ్నలు అడుగుతుంటారు. మొదటిది: "అయ్యగారూ, లేవీయకాండములో పంది మాంసం, నెత్తురు తినకూడదని ఉంది కదా. మేము తినవచ్చా?" రెండవది: "డాక్టరమ్మగారూ, నేను ఉపవాసంలో ఉన్నాను. ఈ పూట సుగరు మాత్ర మానేస్తే ఏమైనా అవుతుందా?"

మొదటి ప్రశ్న బైబిలుకు సంబంధించినది, రెండవది వైద్యానికి సంబంధించినది అని అనిపిస్తుంది. అయితే ఈ రెంటికీ జవాబు ఒకేచోట దొరుకుతుంది. మోషే ధర్మశాస్త్రాన్ని వేల సంవత్సరాలుగా తమ వంటిళ్లలో పాటిస్తూ వస్తున్న యూదు ప్రజలు ఈ రెండు ప్రశ్నలనూ ఎప్పుడో అడిగారు, జాగ్రత్తగా జవాబు వెదికారు. ఆ జవాబు మన రోగులకు, వారి కుటుంబాలకు ఎంతో మేలు చేస్తుందని నమ్మి ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

ఏవి తినవచ్చు, ఏవి కూడదు?

యూదులు తమ నియమాల ప్రకారం తినదగిన ఆహారాన్ని "కోషర్" అంటారు. హెబ్రీ భాషలో ఆ మాటకు "తగినది" అని అర్థం. ఈ నియమాలకు మూలం లేవీయకాండము 11వ అధ్యాయం, ద్వితీయోపదేశకాండము 14వ అధ్యాయం.

జంతువులకు రెండు గుర్తులు ఉండాలి. డెక్కలు పూర్తిగా చీలి ఉండాలి, నెమరు వేయాలి. ఆవు, ఎద్దు, గొఱ్ఱె, మేక, జింక ఈ లెక్కలోకి వస్తాయి. ఒంటె, కుందేలు రావు. పందికి డెక్క చీలి ఉంటుంది గాని అది నెమరు వేయదు. అందువలన దానినీ తినరు.

నీటిలో ఉండే వాటికి రెక్కలు, పొలుసులు రెండూ ఉండాలి. మన చేపల బజారును తలచుకుంటే ఈ నియమం సులభంగా అర్థమవుతుంది. బొచ్చె, రవ్వ, గోదావరి పులస తినవచ్చు. పొలుసులు లేని వాలుగ, జెల్లలు కూడదు. రొయ్యలు, పీతలు అసలే కూడదు.

పక్షులలో తినకూడని వాటి పేర్లు లేఖనములో ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం గద్ద, గుడ్లగూబ వంటి వేటాడే పక్షులు. కోడి, బాతు మొదలైన వాటిని తరతరాల వాడుకను బట్టి తింటారు. కోడిగుడ్డును నేరుగా పెనం మీద కొట్టరు. ముందు గిన్నెలో పగులగొట్టి, నెత్తుటి చుక్క ఉన్నదేమో చూసి, లేకుంటేనే వాడతారు. పురుగులు నిషేధం కాబట్టి ఆకుకూరలను, పిండిని, పప్పులను వెలుతురులో పట్టి చూస్తారు. కోసిన కూరగాయలు, పండ్లు, ధాన్యాలు మాత్రం అన్నీ తినదగినవే.

నెత్తురు గురించిన జాగ్రత్త

ప్రాణము రక్తములో ఉన్నదని లేవీయకాండము 17వ అధ్యాయం బోధిస్తుంది. ప్రాణము దేవునిది గనుక నెత్తురు మనిషి నోటికి పోకూడదు. ఈ ఒక్క మాట నుండి యూదుల వంటింట్లో ఎంతో పని పుట్టింది.

జంతువును కోసే వ్యక్తి అందుకు ప్రత్యేకంగా నేర్చుకొని, భక్తిపరుడుగా పేరున్నవాడై ఉండాలి. కత్తి చాలా పదునుగా, ఒక్క గంటు కూడా లేకుండా ఉండాలి. కోయడానికి ముందు, కోసిన తరువాత కూడా కత్తి అంచును వేలి కొనతో, గోటితో తడిమి చూస్తాడు. సన్నని గంటు తగిలినా ఆ కత్తి పనికిరాదు. కోత ఆగకుండా, నొక్కకుండా ఒక్క ఊపున జరగాలి. తరువాత లోపలి అవయవాలను, ముఖ్యంగా ఊపిరితిత్తులను పరీక్షిస్తారు. వాటికి రంధ్రం ఉన్నా, ప్రాణాపాయకరమైన లోపం కనిపించినా ఆ మాంసాన్ని ప్రక్కన పెడతారు. ఆదికాండము 32లో యాకోబు తొడకు కలిగిన దెబ్బను జ్ఞాపకం చేసుకొని తుంటినరమును తినరు. కొన్ని రకాల కొవ్వును కూడా తీసివేస్తారు.

ఇంటికి వచ్చిన మాంసాన్ని అరగంట చల్లని నీటిలో నానబెడతారు. తరువాత అన్ని వైపులా కల్లుప్పు పట్టించి, నీరు కారిపోయేలా వాలుగా ఉన్న పలక మీద ఒక గంట ఉంచుతారు. ఆ పిమ్మట మూడుసార్లు కడుగుతారు. కాలేయంలో నెత్తురు ఎక్కువ గనుక దానికి ఉప్పు చాలదు. దానిని నేరుగా నిప్పు మీద కాల్చిన తరువాతనే తింటారు. ఈ రోజుల్లో చాలా దేశాలలో ఈ పనంతా దుకాణంలోనే పూర్తిచేసి అమ్ముతున్నారు.

ఇక్కడ బి.పి. ఉన్నవారికి ఒక మాట. అంత ఉప్పు పట్టించిన మాంసంలో, కడిగిన తరువాత కూడా, ఉప్పు కొంత మిగిలి ఉంటుంది. అందుకే గుండె జబ్బు, రక్తపోటు ఉన్న యూదులకు కూరలో మళ్లీ ఉప్పు వేయవద్దని వైద్యులు చెబుతారు. మనకు ఆ మాంసం లేకపోయినా ఊరగాయలు, ఎండుచేపలు, అప్పడాలు ఉన్నాయి. పెద్దవారికి రోజు మొత్తానికి ఒక టీస్పూను, అంటే 5 గ్రాముల లోపు ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. మన ఇండ్లలో చాలామంది ఇంతకు మించి తింటున్నాము.

పాలు వేరు, మాంసం వేరు

మేకపిల్లను దాని తల్లిపాలలో ఉడికించకూడదని లేఖనము మూడు చోట్ల చెబుతుంది: నిర్గమకాండము 23, 34, ద్వితీయోపదేశకాండము 14 అధ్యాయాలలో. బ్రదికించడానికి ఇచ్చిన పాలలో ఆ బిడ్డనే ఉడికించడం క్రూరమని అనేకమంది బోధకులు వివరించారు. దీనిని బట్టి యూదులు మాంసాన్ని, పాలను, పెరుగును, వెన్నను కలిపి వండరు, కలిపి తినరు. మన పెరుగు వేసిన మటన్ కూర వారి ఇంట ఉండదు.

నియమం పాటించే ఇంట్లో గిన్నెలు, గరిటెలు, కంచాలు రెండు జతలుగా ఉంటాయి. ఒకటి మాంసానికి, ఒకటి పాల వంటలకు. తోమే చోట్లు కూడా వేరుగా పెట్టుకుంటారు. మాంసం తిన్న తరువాత పాలు తాగాలంటే చాలామంది ఆరు గంటలు ఆగుతారు. జర్మనీ నుండి వచ్చిన కుటుంబాలలో మూడు గంటలు, హాలండు వారిలో ఒక గంట ఆగే ఆచారం ఉంది. చిన్నపిల్లలకు, రోగులకు ఈ ఆరు గంటల నియమాన్ని సడలిస్తారు. ఈ సంగతిని గుర్తుంచుకోండి, దీని గురించి ముందు మరింత చెప్పుకుందాము.

పాలూ కాక, మాంసమూ కాక ఉన్న ఆహారాన్ని "పార్వే" అంటారు. అన్నం, కూరగాయలు, పండ్లు, గుడ్లు, చేపలు ఇందులోకి వస్తాయి. మన దేశంలో తయారై విదేశాలకు వెళ్లే తినుబండారాల పొట్లాల మీద కూడా ఒక్కొక్కసారి వలయంలో "యు" అనే ఇంగ్లీషు అక్షరం కనిపిస్తుంది. అది ఒక యూదు సంస్థ ఆ కర్మాగారాన్ని పరీక్షించి వేసిన ముద్ర. అయితే పాలు పడని అలర్జీ ఉన్న బిడ్డల తల్లులు ఇటువంటి ముద్రను మాత్రమే నమ్ముకోకూడదు. పొట్లం మీద వ్రాసిన పదార్థాల పట్టీని పూర్తిగా చదవాలి.

పస్కా పండుగ దినాలలో మరొక నియమం చేరుతుంది. పులిసిన పిండి ఇంట్లో ఎక్కడా ఉండకూడదు. మూల మూలలు ఊడ్చి, గిన్నెలు శుద్ధి చేస్తారు. పొంగని రొట్టెకు పిండి తడిపిన క్షణం నుండి 18 నిమిషాలలోపే కాల్చడం పూర్తి కావాలి. ఐరోపా సంప్రదాయపు యూదులలో చాలామంది ఆ దినాలలో అన్నం, పప్పులు కూడా మానేస్తారు. తూర్పు దేశాల యూదులలో చాలామంది అన్నం తింటారు. దీనిని బట్టి ఒకే ధర్మశాస్త్రాన్ని పాటించే వారిలో కూడా ఆచారాలు వేరువేరుగా ఉంటాయని తెలుస్తుంది.

మన దేశపు యూదులు

యూదులు మన దేశానికి క్రొత్తవారు కారు. కొచ్చిన్‌లోని మట్టాంచేరిలో వారి సమాజమందిరం 1568లో కట్టబడింది. మహారాష్ట్ర కొంకణ తీరంలో "బెనె ఇశ్రాయేలు" అనే యూదులు తరతరాలుగా గానుగ ఆడుతూ జీవించారు. వారు విశ్రాంతిదినమైన శనివారం గానుగ ఆపేవారు. అందుచేత ఇరుగుపొరుగు వారు వారిని "శనివార్ తేలీ", అంటే శనివారం సెలవు పెట్టే నూనెవారు అని పిలిచారు.

వారిలో చెప్పుకునే ఒక కథ ఉంది. దావీదు రాహబీ అనే యూదుడు కొంకణానికి వచ్చి, వీరు నిజంగా తనవారేనా అని పరీక్షించడానికి ఆ ఇంటి స్త్రీలకు రకరకాల చేపలు ఇచ్చి వండమన్నాడట. వారు రెక్కలు, పొలుసులు ఉన్నవాటిని ఏరి, మిగిలినవాటిని ప్రక్కన పెట్టారట. గ్రంథాలు లేకపోయినా, హెబ్రీ భాష మరచిపోయినా, వంటింటి తల్లులు ధర్మశాస్త్రాన్ని చేతులలో మోసుకొని వచ్చారన్నమాట. ఇది వారి సంప్రదాయంలో వచ్చిన కథ. అయినా ఒక కుటుంబపు ఆహారపు అలవాట్లు ఎవరి చేతిలో ఉంటాయో ఇది చక్కగా చెబుతుంది.

ఈ భారతీయ యూదులు మాంసపు కూరలలో పెరుగుకు బదులు కొబ్బరిపాలు వాడతారు. మొక్కుబడి తీర్చుకునేటప్పుడు అటుకులు, కొబ్బరి, తీపి, పండ్లు కలిపి "మలీదా" చేసి పంచుతారు.

మన తెలుగు నేల మీద కూడా, గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో కొన్ని కుటుంబాలు తమను ఎఫ్రాయిము గోత్రపు సంతతిగా చెప్పుకుంటూ, 1990ల తొలినాళ్ల నుండి సమాజమందిరం పెట్టుకొని విశ్రాంతిదినమును ఆచరిస్తున్నారు.

ఇవి ఆరోగ్యం కోసం ఇచ్చిన నియమాలేనా?

"పంది మాంసంలో పురుగులుంటాయి గనుకనే దేవుడు వద్దన్నాడు" అని మన ప్రసంగాలలో తరచుగా వింటాము. యూదులలోనే ఈ విషయం మీద రెండు అభిప్రాయాలు ఉన్నాయి. 12వ శతాబ్దంలో ఐగుప్తులో వైద్యుడుగా, మతబోధకుడుగా పేరుపొందిన మైమోనిదెస్, నిషేధించిన ఆహారం ఒంటికి మంచిది కాదని వ్రాశాడు. 15వ శతాబ్దపు పండితుడు అబర్బనేల్ దానికి ఒప్పుకోలేదు. ధర్మశాస్త్రం వైద్యగ్రంథం కాదు, చుట్టుప్రక్కల జనులు పంది మాంసం తిని కూడా బలంగా ఉన్నారు కదా అని అతడు వాదించాడు. లేఖనము ఇచ్చే కారణం పరిశుద్ధత. లేవీయకాండము 11 చివరిలో దేవుడు తన ప్రజలను పరిశుద్ధులై ఉండమంటాడు. రోగాల ప్రసక్తి అక్కడ లేదు.

వైద్యులుగా మేము చెప్పవలసినది ఇది. సరిగా ఉడకని పంది మాంసం ద్వారా బద్దెపురుగు కడుపులోకి వస్తుందన్నది నిజం. అయితే మెదడులో తిత్తులు ఏర్పడి మూర్ఛ తెప్పించే జబ్బు మాంసం తినడం వలన నేరుగా రాదు. బద్దెపురుగు ఉన్న మనిషి మలంలో దాని గ్రుడ్లు బయటకు వస్తాయి. అవి చేతుల ద్వారా, నీటి ద్వారా, కడగని పచ్చి కూరగాయల ద్వారా మరొకరి నోటిలోకి పోయినప్పుడు ఆ జబ్బు వస్తుంది. "మా ఇంట ఎవరూ పంది మాంసం ముట్టరు, మా అబ్బాయికి మెదడులో పురుగు ఎలా వచ్చింది?" అని అడిగే తల్లిదండ్రులకు ఇదే జవాబు. నియమం పాటించినంత మాత్రాన రోగం రాదనుకోవద్దు. మరుగుదొడ్డి వాడకం, సబ్బుతో చేతులు కడగడం, పచ్చివాటిని శుభ్రమైన నీటితో కడగడం, ఏ మాంసమైనా లోపల ఎరుపు పోయేవరకు ఉడికించడం – ఇవి అందరికీ కావాలి.

క్రైస్తవులుగా మనకు అపొస్తలుల కార్యములు 10లో పేతురు చూచిన దర్శనం, 15లో యెరూషలేము సభ నిర్ణయం, రోమా 14లో పౌలు బోధ ఉన్నాయి. ఒకడు తింటాడు, ఒకడు తినడు. ఎవరూ ఎవరికీ తీర్పు తీర్చకూడదు. మా ఆసుపత్రికి అన్ని మతాల వారు వస్తారు. శాకాహారులు, హలాల్ మాత్రమే తినేవారు, కొన్ని వారాలలో మాంసం మానేవారు ఉంటారు. ఎవరి నియమం ఏమిటో చేరిన రోజే నర్సుకు చెప్పండి. దాచి, పెట్టిన భోజనం తినకుండా పడుకోవద్దు.

ధర్మశాస్త్రం రోగితో ఏమంటుంది?

ఇప్పుడు రెండవ ప్రశ్నకు వద్దాము. యూదులకు సంవత్సరంలో అతి గంభీరమైన దినం ప్రాయశ్చిత్తార్థ దినము. సాయంత్రం మొదలుకొని మరునాటి రాత్రి వరకు సుమారు 25 గంటలు అన్నమే కాదు, నీళ్లు కూడా ముట్టరు. మిగిలిన నియమాలను అంతగా పాటించని యూదులు కూడా ఆ దినమున ఉపవాసం ఉంటారు.

అటువంటి దినమున రోగి ఏమి చేయాలి? సుమారు క్రీ.శ. 200 నాటికి కూర్చబడిన "మిష్నా" అనే యూదుల ధర్మగ్రంథంలో ఇందుకు స్పష్టమైన జవాబు ఉంది. తెలిసిన వైద్యులు చెబితే రోగికి ఆ దినమున కూడా ఆహారం పెట్టాలి. వైద్యులు దగ్గర లేకపోతే రోగి మాట మీదనే, అతడు చాలు అనేవరకు పెట్టాలి. గర్భిణి వంట వాసనకు తట్టుకోలేక సొమ్మసిల్లే స్థితిలో ఉంటే ఆమెకు పెట్టాలి. ఆకలికి కళ్లు తిరిగి ప్రాణం మీదికి వచ్చినవానికి, వేరే ఆహారం లేకపోతే, నిషేధించిన ఆహారమైనా సరే, చూపు తేటపడేవరకు పెట్టాలి.

ఆ తరువాతి బోధకులు ఇంకా లోతుగా ఆలోచించారు. "నాకు తినడం అవసరం" అని రోగి అంటూ, "అవసరం లేదు" అని వైద్యుడు అంటే ఎవరి మాట వినాలి? రోగి మాట వినాలి. తన బాధ తనకే బాగా తెలుసు. "నేను తినను, ఉపవాసం ఉంటాను" అని రోగి అంటూ, "తినకపోతే ప్రమాదం" అని వైద్యుడు అంటే? అప్పుడు వైద్యుని మాట వినాలి. జబ్బు వలన రోగికి తన స్థితి తెలియకపోవచ్చు. రెండు సందర్భాలలోనూ ధర్మశాస్త్రం ప్రాణం వైపే మొగ్గింది.

దీనికి వారు చూపే ఆధారం లేవీయకాండము 18:5. ఆజ్ఞలు మనిషి వాటి వలన బ్రదకడానికే గాని చావడానికి కాదని దానిని వివరించారు. విగ్రహారాధన, వ్యభిచారం, నరహత్య అనే మూడు తప్ప, ప్రాణం కాపాడటానికి ఏ ఆజ్ఞనైనా ప్రక్కన పెట్టవచ్చు. పెట్టవచ్చు అని మాత్రమే కాదు, పెట్టి తీరాలి. ప్రమాదంలో ఉన్న రోగి తినకుండా ఉంటే అది భక్తి కాదు, పాపమని వారి బోధ. విశ్రాంతిదినము మనుష్యుల కొరకే నియమింపబడినదని చెప్పిన మన ప్రభువు బోధను ఇక్కడ తలచుకోకుండా ఉండలేము.

1848లో విల్నా పట్టణంలో కలరా వ్యాపించింది. ఉపవాసంతో బలహీనపడినవారు సులభంగా చనిపోతారని భయపడిన రబ్బీ ఇశ్రాయేలు సాలంతర్, ఆ యేడు ప్రాయశ్చిత్తార్థ దినమున ప్రజలు తినవచ్చని బహిరంగంగా చెప్పాడు. గొప్ప భక్తిపరుడుగా పేరున్న మనిషి ఆ మాట చెప్పడం వలన అనేకులు ధైర్యంగా అన్నం తిన్నారు.

నేటికీ నియమం పాటించే యూదు రోగులు పండుగకు ముందే వైద్యుని, రబ్బీని ఇద్దరినీ కలుస్తారు. కొందరికి కొద్దికొద్దిగా తినే పద్ధతి చెబుతారు. ఒక్కొక్కసారి 30 మిల్లీలీటర్ల కొలతకు లోపు ఆహారం, ఒక బుగ్గ నిండే దానికన్నా తక్కువ నీరు, తొమ్మిది నిమిషాలకొకసారి. అది చాలని రోగి మామూలుగానే తినాలి. బాలింత కాన్పు అయిన మొదటి మూడు రోజులు ఉపవాసం ఉండనే కూడదు.

మందుల విషయంలోనూ ఇదే మనసు. రక్తం తినడం నిషేధం. అయినా ప్రాణం నిలపడానికి రక్తం ఎక్కించుకోవడాన్ని వారు తప్పు పట్టరు. అది తినడం కాదు. గుండె ఆపరేషనులో పంది నుండి తీసిన కవాటం అమర్చుకోవడానికి వారి బోధకులు అనుమతి ఇచ్చారు. గొట్టం మాత్రల పైతొడుగులు తరచుగా జంతువుల నుండి తీసిన జెలటిన్‌తో చేస్తారు. అనుమానం ఉంటే మాత్ర మానకుండా వైద్యుని అడగాలి. వేరే రూపంలో మందు ఉండవచ్చు.

మన ఉపవాస కూడికలు

శ్రమదినములలో నలభై దినాలు, శుక్రవారపు ఉపవాస ప్రార్థనలు, ఇరవై యొక్క దినాల దానియేలు ఉపవాసం – ఇవి మన సంఘాలలో ఉన్న మంచి ఆచారాలు. మేము వాటికి వ్యతిరేకం కాము. కాని ఆ దినాలలో చెమటలు పట్టి, మాట తడబడి, తెలివి తప్పిన స్థితిలో మోసుకురాబడేవారిని చూస్తుంటాము. ఉదయం ఇన్సులిను వేసుకొని అన్నం మానినవారు కొందరు. అన్నం లేదు కదా అని ఫిట్సు మాత్రలు, టి.బి. మాత్రలు కూడా మానినవారు మరికొందరు. "దేవుడు చూసుకుంటాడు" అని వారు నమ్మకంతోనే చేశారు. వారి భక్తిని మేము తక్కువ చేయము. కాని దేవుడు ఆ భారాన్ని వారి మీద పెట్టలేదు.

దానియేలు గ్రంథం మొదటి అధ్యాయాన్ని మరొకసారి చదవండి. శాకధాన్యాలు, నీళ్లు చాలునని దానియేలు తనంతట తాను మొదలుపెట్టలేదు. తమ మీద ఉన్న అధికారిని వినయంగా అడిగాడు. పది దినాలు మాత్రమే పరీక్షించి, మా ముఖాలు చూసి నిర్ణయించండి అన్నాడు. అడగడం, పరీక్షించడం, చూసి నిర్ణయించడం: మంచి వైద్యం కూడా ఇదే పద్ధతిలో నడుస్తుంది.

ఉపవాసానికి ముందు గుర్తుంచుకోండి

• సుగరు, బి.పి., గుండె, మూత్రపిండాల జబ్బు, ఫిట్సు, టి.బి., కడుపులో పుండు ఉన్నవారు, గర్భిణులు, బాలింతలు, వృద్ధులు ఉపవాసానికి ఒకటి రెండు వారాల ముందే డాక్టరును కలవండి.

• ఇన్సులిను వేసుకునేవారికి, గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు వాడేవారికి అన్నం మానితే సుగరు పడిపోయే ప్రమాదం ఎక్కువ. మోతాదును మీ అంతట మీరు తగ్గించవద్దు, మానవద్దు, డాక్టరును అడగండి.

• చెమటలు, వణుకు, గుండె దడ, విపరీతమైన ఆకలి, తికమక కనిపిస్తే, లేదా సుగరు 70 కన్నా తగ్గితే, వెంటనే ఉపవాసం ఆపండి. మూడు టీస్పూన్ల చక్కెర లేక గ్లూకోజు నీటిలో కలిపి తాగండి. పావుగంటలో తగ్గకపోతే మళ్లీ తాగండి. తరువాత అన్నం తినండి.

• తెలివి తప్పినవారి నోటిలో ఏమీ పోయవద్దు. ప్రక్కకు తిప్పి పడుకోబెట్టి వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

• మూత్రపిండాల జబ్బు ఉన్నవారు పండ్లు, పండ్ల రసాలు, కొబ్బరినీళ్లతో ఉపవాసం చేయవద్దు. వాటిలోని పొటాషియం గుండెకు ప్రమాదం తేగలదు.

• ఉపవాసం ముగించేటప్పుడు ఒక్కసారిగా బిర్యానీ, మిఠాయిలు తినవద్దు. గంజి, ఇడ్లీ, పండు వంటి తేలికైనవాటితో మొదలుపెట్టండి.

• తినకుండా ఉండలేనివారు మరొక విధంగా ఉపవాసం చేయవచ్చు. టి.వి., ఫోను మానవచ్చు. ఆ సమయాన్ని వాక్యానికి, ప్రక్క మంచం మీద ఉన్న రోగి పరామర్శకు ఇవ్వవచ్చు. ఒక పూట కూర ఖర్చును తినలేనివారికి ఇవ్వవచ్చు.

కాపరులకు, పెద్దలకు మనవి

మీ సంఘంలో ఒక సుగరు రోగి ఉపవాసం ఉండలేకపోయానని సిగ్గుపడుతుంటే, ఒక మాటతో మీరు అతని ప్రాణం కాపాడగలరు. విల్నాలో ఆ రబ్బీ చేసినది అదే. ఉపవాస కూడికలు ప్రకటించేటప్పుడు "మందులు వాడుతున్నవారు మందులు మానవద్దు, డాక్టరు చెప్పిన ప్రకారం తినండి, అది కూడా దేవునికి విధేయతే" అని వేదిక మీద నుండి చెప్పండి. వైద్యుడు చెబితే రోగి సగమే వింటాడు. అయ్యగారు చెబితే పూర్తిగా వింటాడు.

కత్తి అంచును గోటితో తడిమి చూసేవారు, ఆకుకూరను వెలుతురుకు పట్టి చూసేవారు, పాలగిన్నెను మాంసపు గిన్నెకు తగలనివ్వనివారు – అంత నిష్ఠగల ప్రజలు కూడా రోగి మంచం దగ్గరకు వచ్చేసరికి నియమాన్ని ప్రక్కన పెట్టి అన్నం గిన్నె చేతికి తీసుకున్నారు. నియమం ఇచ్చినవాడే ప్రాణమూ ఇచ్చాడని వారికి తెలుసు.

ఈ ఉపవాస దినాలలో ప్రభువు మీకు మంచి ఆరోగ్యమును, మంచి వివేకమును అనుగ్రహించును గాక.